జంగప్ప బండ

తాండూరులో నేల కూడా ఆకాశం రంగులోనే ఉంటుంది. ఇంట్లో బండలు, వాకిట్లో బండలు, అరుగుల మీద బండలు, దొడ్లో గోడకు బదులు నిలబెట్టినవీ బండలే. ఆరితే బూడిద రంగు, తడిస్తే నీలం. వికారాబాదు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో వాకిలి కడుగుతూ కడుగుతూ ఆగిపోయేదాన్ని. నీళ్లు పోసిన చోటల్లా నేల లోతైపోయినట్టు, అడుగు వేస్తే మోకాలి దాకా దిగిపోతానేమో అన్నట్టు ఉండేది. మా అత్తమ్మ రాహేలమ్మ వెనక నుంచి, "ఏం పిల్లా, వాకిలి కడుగుతున్నవా, వాకిట్ల ఈత కొడుతున్నవా?" అనేది.

తర్వాత అలవాటైంది. కానీ ఒక్క బండ ముందు మాత్రం పదిహేను నెలలు తల ఎత్తకుండా నడిచాను. అది జంగప్ప బండ.

స్టేషను దగ్గర, బండలను గూడ్సు బండికి ఎక్కించే చోట అది నిలబడి ఉంటుంది. మనిషి కంటే రెండు జానలు ఎత్తు. పై సగంలో అక్షరాలు: రాయిగిర్ని జంగప్ప. మర్పల్లి వాస్తవ్యుడు. దుమ్మును అణచినవాడు. కింది సగంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేని సగంతోనే నాకు చిక్కు వచ్చింది.

జంగప్పను నేను చూడలేదు. మా ఆయన ఏసుదాసు చెబితే విన్నదే. జంగప్ప మొదట పిండిగిర్నిలో పనివాడట. జొన్నలు విసిరే రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నున్నబడితే పిండి సరిగ్గా రాదు. అప్పుడు ఉలితో వాటికి మళ్లీ గాట్లు పెట్టాలి. ఆ పని చేస్తూ చేస్తూ ఒకరోజు, "రాయి రాయిని నున్నగ జేస్తుంటే మనమెందుకు మల్ల గరుకు జేస్తున్నం? దాని ఇష్టానికి ఒదిలేస్తే ఎట్లుంటది?" అన్నాడట. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు రోడ్డు పక్కన పడి ఉన్న లారీ ఇరుసు ఒకటి మోసుకొచ్చాడు. దాన్ని నిలువుగా నిలబెట్టి, కింద ఇనుప చక్రం, చక్రానికి సానరాళ్లు బిగించి, గిర్ని ఇంజను పట్టా తగిలించాడు. అంతకు ముందు ఆడవాళ్లు రోజంతా ఇసుకతో రుద్దినా ఒక్క బండ నునుపెక్కేది కాదు. ఆ చక్రం కింద జాము పొద్దులో తేలిపోయింది. పిండి పట్టేది పిండిగిర్ని కాబట్టి జనం దీనికి రాయిగిర్ని అని పేరు పెట్టారు.

కానీ దుమ్ము లేచేది. షెడ్డులో మనిషికి మనిషి కనపడేవాడు కాదట. గుళ్లో లింగం మీద చుక్కచుక్కగా నీళ్లు కారే చెంబు ఉంటుంది చూడండి, జంగప్పను గడప దాటి లోపలికి రానివ్వరు కాబట్టి బయటి నుంచే దాన్ని చాలాసేపు చూసి వచ్చి, అడుగున చిల్లు పొడిచిన కుండ ఒకటి చక్రం మీద వేలాడదీశాడట. దుమ్ము బురదై కిందికి జారిపోయింది. ఇప్పటికీ తాండూరులో ఏ షెడ్డుకు వెళ్లినా ఆ చుక్కలు పడుతూనే ఉంటాయి. మా ఆయన దగ్గును నేను ఇంతవరకు వినలేదంటే అది ఆ కుండ చలవే. జంగప్పకు మాత్రం అంతకు ముందు మింగిన దుమ్ము మింగినట్టే ఉండిపోయింది. వికారాబాదు పక్కన అనంతగిరి గుట్ట మీది దవాఖానలో రెండేళ్లు ఉండి, అక్కడే పోయాడు.

ఆయన పేరున బండ నిలబెట్టాలని పని వాళ్లంతా అనుకున్నారు. అక్షరాలు చెక్కే వెంకటయ్య తాత, "పేరేముంది, ఎవడైన చెక్కుతడు. ఆయన పని గనవడాలె," అన్నాడట. ఇంకో ఊళ్లో అయితే పూలదండో, దీపమో చెక్కి వదిలేసేవాళ్లు. మా వాళ్లకు గౌరవమంటే నునుపు. కింది సగాన్ని జంగప్ప చేసిన మొదటి గిర్ని కిందే పెట్టి మూడు రోజులు వంతులవారీగా పట్టారు. నాలుగో రోజు పొద్దున మా ఆయన అందులో చూసుకుని మీసం దిద్దుకున్నాడట. అద్దమైపోయింది. అద్దమైతే ఏమవుతుందో ఆ మగవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

* * *

పళ్లు రాని పిల్లకు అద్దం చూపించకూడదు. చూపిస్తే మాట రాదు. మా అత్తమ్మ మాట ఇది. ఆదివారం ఏసు గుడిలో ముందు వరుసలో కూర్చుని పాటలు పాడే మనిషే, అయినా ఈ విషయంలో పాస్టరుగారి మాట కూడా వినదు. నేను పురుడు పోసుకుని వచ్చిన రోజే గోడ మీది అద్దాన్ని తీసి, పాత చీరలో చుట్టి, పెట్టె అడుగున పెట్టింది. ఏడు నెలలు నేను అద్దం లేకుండా అందాజుగా జడ వేసుకున్నాను. "నీ పాపిట ధారూరు కాడ రైలుపట్టా మలిగినట్టు మలిగిందే," అని మా ఆయన నవ్వేవాడు.

అరవయ్యో సంవత్సరం వానాకాలంలో ఆ బండ మీది గుడ్డ తీశారు. అందరూ దండం పెట్టి, పటాసులు కాల్చి, బెల్లం పంచారు. ఇంతలో జల్లు వచ్చింది. జనం గూడ్సు షెడ్డు కిందికి పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు. చంకలో నా బిడ్డ రూతు, ఏడు నెలలది. ఎదురుగా తడిసి నీలమైన బండ. అందులో ఎవరో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

అది నేనే. ఏడు నెలల తర్వాత నా ముఖం నాకు కనబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ల కింద నీడ. పాపిట నిజంగానే వంకర. పదహారేళ్ల దాకా వికారాబాదులో ఉన్న మనోరమ ఎక్కడైనా మిగిలి ఉందేమోనని ఇంకా దగ్గరికి వెళ్లాను. ఆరో తరగతి పుస్తకం సగంలో ఉండగా మా అమ్మ పోయింది, బడి మానిపించారు. ఆ మిగిలిన సగంలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పిల్ల కోసం వెతుకుతున్నట్టు వెతికాను. వాన చుక్కలు బండ మీద జారుతుంటే నా ముఖం కరిగి, మళ్లీ కూడుకుంటూ ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు. చంకలో పిల్ల ఉందన్న సంగతే మరిచిపోయాను.

గుర్తొచ్చి చూస్తే, రూతు కూడా చూస్తోంది. కన్ను ఆర్పకుండా, నోరు కొంచెం తెరిచి, చూస్తోంది.

ఆ రోజు పొద్దున దాకా "బ బ బ" అని ఇల్లెగరగొట్టిన పిల్ల. ఆ సాయంత్రం నుంచి మూగనోము పట్టినట్టు అయిపోయింది. పళ్లు వచ్చాయి. నడక వచ్చింది. నవ్వు వచ్చింది. మాట రాలేదు. మాట వచ్చే దాకా అని అత్తమ్మ అద్దాన్ని పెట్టెలోంచి తీయనే లేదు. పిలిస్తే తిరుగుతుంది, రైలు కూత వింటే వాకిట్లోకి ఉరుకుతుంది. డాక్టరు చెవులూ నోరూ చూసి, అంతా బాగుందని, తొందర పడొద్దని చెప్పాడు. నాకు మాత్రం కారణం తెలుసు. ఎవరితోనూ చెప్పలేదు. బిడ్డను ఎత్తుకుని ఆ దారిన వెళ్లాల్సి వస్తే దాని ముఖం మీద కొంగు కప్పేదాన్ని. దాని ముందు ఎక్కువ మాట్లాడటానికి కూడా భయం వేసేది, నా మాటలు వింటూ అది బాధపడుతుందేమోనని. ఇద్దరం పగలంతా ఆ నీలం నేల మీద చప్పుడు చేయకుండా తిరిగేవాళ్లం, నీళ్ల అడుగున రెండు చేపల్లాగా.

* * *

రూతుకు రెండేళ్లు రాబోతున్నాయి. డిసెంబరు నెల. బావి దగ్గర సేడం వైపు నుంచి వచ్చిన ఒక కన్నడం ఆమె రూతు గడ్డం పట్టుకుని, "కూసు మాతాడల్లేనవ్వా?" అని అడిగింది. పిల్ల మాట్లాడదా అని. నేను తల వంచుకున్నాను. మా అత్తమ్మ బిందె దించి, "మాట్లాడ్తది. నీ కంటె ఎక్కువ మాట్లాడ్తది. నీ అసొంటోళ్లు జర నోరు మూస్తే దానికి సందు దొరుకుతది," అని ఆమెను సాగనంపింది.

ఇంటికొచ్చాక మాత్రం గడప మీద కూలబడింది. "ఏం తక్కువ జేసినమే దీనికి? ఎల్లిపాయ కట్టినం, ప్రార్థన పెట్టిచ్చినం. అద్దం గూడ దాసిపెడ్తిమి గద."

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అది అద్దం చూసింది అత్తమ్మా," అన్నాను.

"ఏ అద్దం? పెట్టె తాళం నా మొలల ఉండే."

"జంగప్ప బండల. గుడ్డ తీసిన దినం. నేనే చూపెట్టిన. నా మొఖం చూస్కుందామని పోయిన... అది చంకల ఉన్న సంగతే యాది లేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఎంతసేపు చూసింది?"

"నేను ఎంతసేపు చూస్తే అంతసేపు."

"పదిహేను నెలలు గిది కడుపుల పెట్టుకొని తిరిగినవా? గందుకేనా సగం అన్నం తిని లేస్తున్నవ్!" అని లేచి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపింది. "నడువు ఎంకటయ్య తానికి."

వెంకటయ్య తాత మా ఆయన పనిచేసే షెడ్డు బయట రేకుల నీడలో కూర్చుని ఏదో బండ మీద పేరు చెక్కుతున్నాడు. లోపల గిర్నుల మోత. ఆ మోతలో మనుషుల గొంతు వినపడదు. షెడ్డులో వాళ్లంతా ఒకరి పెదవులు ఒకరు చూసే మాట్లాడుకుంటారు. మా ఆయన లోపలి నుంచి మమ్మల్ని చూసి, ఏమైందని పెదవులతోనే అడిగాడు. మా అత్తమ్మ కూడా పెదవులతోనే, నీకెందుకు పని చూసుకో అన్నది.

సంగతంతా విని వెంకటయ్య తాత ఉలి పక్కన పెట్టాడు. "అంటె ఇప్పుడేమంటవ్ రాహేలమ్మా? నాలుగు షెడ్లోళ్లు మూడు దినాలు తండ్లాడి నున్నగ జేసింది, నేను పోయి కోడి గీకినట్టు గీకాల్నా?"

"గీకాలె. అద్దాన్ని బజార్ల నిలవెడ్తరా ఎవరన్న? పసిపిల్లల తల్లులు తిరిగే తోవ అది. మీ మొగోళ్లకు మీసాలు దువ్వుకునేటందుకా?"

"జంగప్ప పనే గది. గీకితే ఆయన మొఖం మీద గీకినట్టయితది."

"నా మనుమరాలి నోరు కంటె ఎక్కువనా?"

తాత నా వైపు చూశాడు. రూతు అప్పటికే ఆయన ఉలిని తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని వైపు చూసి ఆయన గొంతు తగ్గించాడు. "గీకనని నేననలే. కాని నా అంతట నేను ఉలి పెట్ట. జంగప్ప పెండ్లాం మొగులమ్మ ఉన్నది గద, అనంతగిరి గుట్ట మీద. ఆమె సరే అంటె పొద్దుగాలనే గీకుత. అది గూడ అడ్డదిడ్డంగ కాదు, శుభ్రంగ, ఆడొక అద్దం ఉండెనని తెల్వకుంట."

* * *

శనివారం పొద్దున బిడ్డను ఎత్తుకుని ఒక్కదాన్నే రైలెక్కాను. అత్తమ్మ వస్తానంది కానీ, ఈ తప్పు నాది, నేనే అడగాలని నాకు అనిపించింది. ధారూరు దాటాక మంచు మొదలైంది. చెట్లు కిటికీ పక్కకు వచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ తెల్లదనంలోకి వెళ్లిపోతున్నాయి. రూతు కిటికీ చువ్వల మధ్య ముక్కు పెట్టి నిద్రపోయింది. వికారాబాదులో దిగితే నా బడి దారి కనబడింది. ఆ దారిలో యూనిఫారాలు వేసుకున్న పిల్లలు వరుసగా వెళ్తున్నారు, మంచులో వాళ్ల కాళ్లు కనపడటం లేదు. వాళ్లలో ఒకతె నేనేనేమోనని చూశాను.

గుట్ట కింద దాకా టాంగాలో, అక్కడి నుంచి నడిచి వెళ్లాను. మొగులమ్మ దవాఖాన వెనక ఒక చిన్న పాకలో, అక్కడే ఆయాగా పనిచేసే చెల్లెలి బిడ్డ దగ్గర ఉంటోంది. భర్త పోయాక కిందికి దిగలేదట. నన్ను చూసి ఎవరని అడగలేదు. "మంచుల తడిసొచ్చినవ్, ముందుగాల లోపటికి రా బిడ్డా," అంది.

నేను వచ్చిన పని చెప్పాను. ఎన్నిసార్లో మనసులో చెప్పుకున్న మాటలే, అయినా తడబడ్డాను. ఆమె వింటూ పొయ్యిలో పుల్లలు సర్దింది. నా ముఖం కంటే నా పెదవుల వైపే ఎక్కువ చూస్తోందని గమనించాను. షెడ్డు అలవాటు.

"గుడ్డ తీసిన నాడు మీరెందుకు రాలే పెద్దమ్మా?" అని చివరికి అడిగాను.

"వస్తె ఏమున్నది? బండ మీద పేరు చెక్కిన్రంటె ఇగ రాడన్నట్టే గద. నేను సూడకపోతె ఎన్కకొస్తడేమో అని ఒక పిచ్చి." నవ్వింది. పళ్లు సగం లేవు. "నీళ్లు తాగు."

మూలన నీళ్ల కుండ ఉంది. దాని మీద మూతగా అరచేయంత బండ ముక్క. ఆమె ఆ మూత తీసి, నాకు నీళ్లు ముంచి ఇచ్చి, మూతను రూతు ముందు నేల మీద పెట్టింది. రూతు దాని మీదికి వంగింది. నా చేయి దానంతట అది ముందుకు పోయింది.

"గుంజుకోకు," అంది మొగులమ్మ. "అది ఆయన చేసిన మొదటి ముక్క. గిర్ని పుట్టకముందుది. ఎనిమిది నెలలు చేత్తోటి రుద్దిండు."

బండ ముక్క నీళ్లకు తడిసి ఉంది. అందులో రూతు ముక్కు, ఒక కన్ను కనబడుతున్నాయి. రూతు వేలితో ఆ కన్నును పొడిచింది.

"ఎందుకట్ల రుద్దిండు?" అన్నాను.

పాక బయట మంచు తలుపు దాకా వచ్చి ఆగింది, లోపలికి రావాలా వద్దా అన్నట్టు.

"మాకొక ఆడపిల్ల పుట్టింది. మర్పల్లిల ఉన్నప్పుడు. పది నెలలు ఉన్నది. పండ్లు రాలే. మా అత్త గూడ మీ అత్త లెక్కనే, అద్దం చూరుల దాసిపెట్టింది. మేము గూడ మంచిదే అనుకున్నం. గా తర్వాత జరమొచ్చింది, మూడు దినాలల్ల పోయింది." పుల్ల ఒకటి విరిచి పొయ్యిలో పెట్టింది. "అందరు ఏడ్సి సల్లబడ్డరు. నేను గూడ. కాని ఒక్కటే మాట నన్ను ఇడువకపోయేది. దాని మొఖం నేను చూసిన, ఆయన చూసిండు, ఊరంత చూసింది. అదొక్కతే చూడలే. ఎట్లుంటదో తెల్వకుంటనే పోయింది. గిదే మాట ఆయనతోటి రోజు అనేదాన్ని. ఒకనాడు గడప బండ కాడ కూసోని గీ ముక్కను ఇసుకతోటి రుద్దుతున్నడు. ఏం జేస్తున్నవంటే, 'నేల మీద పడ్డ పోరలకు నేలల్నే మొఖం కనవడాలె,' అన్నడు. పిచ్చిలేసిందనుకున్న."

మా ఆయన చెప్పిన జొన్నల గిర్ని కథ నాకు తెలుసు. ఇది ఎవరికీ తెలియదు. రూతును ఒళ్లోకి లాక్కున్నాను. అది ఆ మూతను వదలకుండా దానితో సహా వచ్చింది.

"నా బిడ్డ చూడకుంట పోయింది," అంది మొగులమ్మ. "నీ బిడ్డ చూసి పలుకుతలేదంటున్నవ్. ఏది నిజమో నాకేం తెల్సు? నేను సదువుకున్నదాన్ని గాదు."

"నేను గూడ సగమే పెద్దమ్మా."

"గీకుమనాల్నంటే గీకుమను. ఆయనేమనడు, మెత్తటోడు. నాకు గూడ కోపం లేదు, ఫికరు జెయ్యకు. ఒక్కటే, గీకే ముందు నన్ను తీస్కపో. ఒక్కసారి చూస్త."

* * *

మరుసటి పొద్దున చలికి గూడ్సు షెడ్డు రేకుల మీద తెల్లగా మంచు పేరుకుంది. రాత్రి పాకలోనే ఉండి, పొద్దుటి రైలుకే నేనూ మొగులమ్మా వికారాబాదు నుంచి వచ్చి దిగేసరికి, ముందే అనుకున్న ప్రకారం వెంకటయ్య తాత సంచీతో వచ్చి ఉన్నాడు. మా అత్తమ్మ బండకు వీపు పెట్టి, గుడికి వెళ్లాల్సిన తెల్లచీరలో నిలబడి ఉంది. మొగులమ్మను చూసి, "వస్తివా వదినె," అని చేయి పట్టుకుంది.

మొగులమ్మ మొదట పై అక్షరాలను చూసింది. చదువు రాదు కాబట్టి వేలితో ఒక్కో అక్షరం గుంటను తడిమింది. "మస్తు లోతు దింపినవ్ ఎంకటయ్యా."

"ఎన్నేండ్లయిన ఉండాలె గదా," అన్నాడు తాత, తల వంచుకుని.

పంపు దగ్గర నుంచి బకెట్ నీళ్లు తెచ్చి ఆమె కింది సగం మీద పోసింది. బూడిద రంగు బండలోంచి నీలం ఒక్కసారిగా పైకి తేలింది. కొంగుతో నింపాదిగా తుడిచింది, నిద్రపోతున్న పిల్ల ముఖం తుడిచినట్టు. తుడుస్తూ తుడుస్తూ కూర్చుండిపోయింది. అందులో ఆమె ఉంది. "ఓ... గింత ముసల్దాన్నయిన్నా," అంది. తర్వాత తన ముఖం పక్కకు, వెనక్కు, ఆ నీలంలో ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు చూసింది.

నేను రూతును దించాను. కొంగు కప్పలేదు. ఎందుకో మరిచిపోయాను, లేక కప్పాలని అనిపించలేదు. అది తప్పటడుగులతో వెళ్లి మొగులమ్మ భుజం పట్టుకుని నిలబడింది.

"చెప్పు బిడ్డా," అన్నాడు వెంకటయ్య తాత. ఉలి చేతిలోకి తీసుకున్నాడు. "కొట్టమంటవా?"

"కొట్టు," అంది మా అత్తమ్మ, వెనక్కి తిరక్కుండానే. "ఇంకేం అడుగుడు?"

నేను బండలోకి చూశాను. పదిహేను నెలల తర్వాత చూశాను. రూతు తన ముఖం చూసుకుంటుందని అనుకున్నాను. అది తనను చూసుకోవడం లేదు. బండలో ఉన్న నన్ను చూస్తోంది. నా ముఖం ఎలా ఉందంటే, అప్పుడే ఏదో చెడ్డ వార్త విని, దాన్ని ఎవరికీ చెప్పొద్దని పెదవులు బిగించుకున్న మనిషి ముఖంలా ఉంది. నన్ను చూసి నేనే జడుసుకున్నాను. రోజూ నా బిడ్డ లేవగానే చూసేది ఈ ముఖాన్నా? ఈ బిగించిన పెదవుల వైపు చూసే అది మాట నేర్చుకోవాలా? రూతు కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. ఎదురుచూస్తోంది. ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"వద్దు తాతా," అన్నాను.

"వద్దా?" మా అత్తమ్మ గిరుక్కున తిరిగింది. తిరిగాక ఆమె కూడా బండలో పడింది, తెల్లచీర, కోపం, అన్నీ. తన ముఖం తనకు కనపడేసరికి అనబోయిన మాట ఆగిపోయి, చేతులు వాటంతట అవే పైకి వెళ్లి నెరిసిన వెంట్రుకలు సర్దుకున్నాయి.

"వద్దత్తమ్మా. ఉండనీ. చూస్కోనీ." నేను రూతు పక్కన మోకాళ్ల మీద కూర్చుని బండలోని దానితో చెప్పాను. "గది నువ్వే బిడ్డా. గీమె మొగులమ్మ అవ్వ. గా ఎనక కోపంగున్నది నాయనమ్మ. గిది అమ్మ. అమ్మ నీతోటి మస్తు మాట్లాడాల్నని ఉండె. భయపడ్డది."

అప్పుడే వాడి జంక్షను వైపు నుంచి గూడ్సు బండి వచ్చింది. వ్యాగన్లు ఒకటి తర్వాత ఒకటి, బండల బరువుతో నేలంతా వణికిస్తూ, మా పక్క నుంచే పోతున్నాయి. బండలో మా ముఖాలన్నీ సన్నగా అదురుతున్నాయి. వెంకటయ్య తాత ఏదో అన్నాడు, వినపడలేదు. మా అత్తమ్మ ఏదో అంది, అదీ వినపడలేదు. రూతు రెండు చేతులూ బండకు ఆనించి, నోరు దాదాపు తగిలేంత దగ్గరగా పెట్టి, పెదవులు కదిలించింది.

నేను చూశాను. బండలో చూశాను. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి. అది నవ్వు కాదు, ఆవులింత కాదు. గొంతు దగ్గర చర్మం కదిలింది. కానీ వ్యాగన్ల మోతలో నా చెవిన ఏమీ పడలేదు. పెదవులు చూసి మాట పట్టే విద్య నాకు రాదు. మా ఆయన ఉంటే పట్టేవాడు, ఆయనేమో ఇంట్లో స్నానం చేసి గుడికి తయారవుతున్నాడు.

చివరి వ్యాగను దాటిపోయింది. చప్పుడు రుక్మాపురం వైపు సన్నబడి, సన్నబడి, మంచులో కలిసిపోయింది.

"ఏమన్నది?" నేను మొగులమ్మ చేయి పట్టుకున్నాను. ఆమె ఏళ్ల తరబడి గిర్ని మోతలో బతికిన మనిషి. ఆమె కళ్ల నిండా నీళ్లు ఉన్నాయి, నోటి నిండా నవ్వు ఉంది. "పెద్దమ్మా, నువ్వు చూసినవ్. ఏమన్నదే?"

"బండతోటి అన్నది, మనతోటి గాదు."

"జర చెప్పు పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత."

"చెప్ప. ఇగ మస్తు మాట్లాడ్తది, నువ్వే నోరు మూయమంటవ్. గీ ఒక్కటి నాకియ్యి. గుట్ట మీదికి పట్కపోత."

ఆమె అన్నట్టే అయింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర మొదలుపెట్టింది రూతు, ఇప్పుడు ఆపమన్నా ఆపదు. బావి దగ్గరి ఆమెతో కన్నడంలో కూడా తగువు పెట్టుకుంటుంది. మా అత్తమ్మ పెట్టె అడుగు నుంచి అద్దం తీసి గోడకు తగిలించింది. తగిలించేటప్పుడు, అద్దం సంగతి అబద్ధమని తాను అనలేదని, ఈ పిల్లది గట్టి ఘటం కాబట్టి గట్టెక్కిందని, రెండోసారి పురుడొస్తే మళ్లీ దాచిపెడతానని గట్టిగా చెప్పింది. చెప్పనివ్వండి. ఆ మొదటి మాట ఏమిటో మాత్రం ఎంత అడిగినా మొగులమ్మ చెప్పలేదు. పండక్కి ఉత్తరం రాయించి అడిగాను, దానికీ జవాబు లేదు.

ఆ పొద్దున వెంకటయ్య తాత ఉలిని సంచీలో వేసుకుని, భుజం మీది తువ్వాలు తీసి బండ వైపు వంగాడు. రూతు నోరు పెట్టిన చోట, తుడిచిన నీలం మీద, అణా బిళ్లంత ఆవిరి మచ్చ తెల్లగా నిలిచి ఉంది. ఆయన దాన్ని తుడవబోయాడు.

"ఉండనీ ఎంకటయ్యా," అంది మొగులమ్మ. "అదే ఆరుతది."

నలుగురం అక్కడే నిలబడ్డాం. గుడి గంట మోగింది, మా అత్తమ్మ కూడా కదల్లేదు. మచ్చ అంచుల నుంచి కొంచెం కొంచెంగా లోపలికి తగ్గుతూ వచ్చింది. దాని చుట్టూ ముందు ఆకాశం, తర్వాత రూతు గడ్డం, ముక్కు, ఒక్కొక్కటే తేటపడుతూ వచ్చాయి.